కీలెరిగి వాత పెట్టవలెను

కీలెరిగి వాత పెట్టవలెనని మన పెద్దలు అన్నారు. ఈ సామెతను నేడు రాజకీయములకు, వ్యాపారములకు, అత్తాకోడళ్ళ తగవులకు వాడుచున్నారే గాని ఇది మొదట వైద్యమునకు చెందిన మాట అన్న సంగతి చాలమందికి గుర్తు లేదు. పశువునకైనను మనిషికైనను వాత పెట్టునప్పుడు ఏ కీలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియునో తెలియని చేతిలో కాల్చిన ఇనుము ఉండరాదని దాని భావము. వాతలు ఇప్పుడు దాదాపుగా పోయినవి, పోవుటయే మంచిది. ఆ ఇనుము ఉండిన చోటికి నూనె సీసా వచ్చినది. కీలెరుగని చేయి మాత్రము అట్లే ఉన్నది.

సంక్రాంతి వెళ్ళినది మొదలు ఉగాది దాటు వరకు గుంటూరు, ప్రకాశం పల్లెలలో మిరప కోతలు సాగును. పత్తి తీతలు అంతకు ముందే మొదలై వాటితో కలిసిపోవును. ఆ మాసములలో మా వైద్యశాల వసారాలో కూర్చుండువారిలో ఎక్కువమంది నడుము పట్టుకొని వచ్చువారే. పొలము ముఖము చూడని ఉపాధ్యాయులు, బ్యాంకు గుమాస్తాలు, గృహిణులు కూడ వారితో పాటు అదే బల్లమీద కూర్చుందురు. దాదాపు అందరి చేతిసంచిలోను సగము ఖాళీ అయిన నూనె సీసా ఒకటి ఉండును. "ఇది పనిచేయలేదండీ, ఇంతకంటె ఘాటైనది ఇప్పించండి" అని అడుగుదురు. "నొప్పి ఏ కీలులోనమ్మా?" అని అడిగిన యెడల "నడుమండీ" అందురు. నడుము ఒక కీలు కాదు. అందులో పదునైదుకు తక్కువ గాని కీళ్ళు ఉన్నవి. వాటిలో ఏది చెడినదో తెలియక పూసిన తైలము గుడ్డివాడు విసిరిన రాయి వంటిది. ఈ తప్పు రోగులది మాత్రమే అనుటకు నాకు నోరు రాదు. ప్రతి నొప్పికి "వాతము" అని ఒక్క మాట చెప్పి, ఒక్క సీసా ఇచ్చి పంపిన మా వైద్యులదే అందులో పెద్ద పాలు.

మా శాస్త్రము ఇట్లు చెప్పలేదు. సుశ్రుతాచార్యుడు శారీరస్థానము పంచమాధ్యాయమున శరీరములోని సంధులను 210గా లెక్కించినాడు. కాళ్ళు చేతులయందు 68, కోష్ఠమునందు అనగా మొండెమున 59, మెడ మొదలు పైభాగమున 83. మొండెములోని 59లో వెన్నెముకకు చెందినవి 24. ఈ 24ను చూచి, నేటి వైద్యులు చెప్పు కదలెడి వెన్నుపూసలు 24తో ఇది సరిగా సరిపోయినదని సంబరపడువారు కలరు. సుశ్రుతుడు మెడకు వేరుగా 8 సంధులు చెప్పినాడన్న సంగతి వారు చదువరు. ఎముకల విషయమునను ఇదే గొడవ. చరకుడు 360 అన్నాడు, సుశ్రుతుడు 300 అన్నాడు, నేటి గ్రంథములు పెద్దవారిలో 206 అనుచున్నవి. దంతములను, మెత్తని తరుణాస్థులను కూడ చేర్చి లెక్కించుట వలన ప్రాచీనుల సంఖ్య పెరిగినది. మాది గొప్పదా మీది గొప్పదా అని ఈ అంకెల మీద సభలు పెట్టి వాదించుకొనుట చూచినప్పుడెల్ల, నాకు రోగి వసారాలోనే కూర్చుండి ఉన్నాడన్న సంగతి జ్ఞాపకము వచ్చును.

అంకెల కంటె విలువైనది ఆయన చేసిన విభాగము. సంధులను వాటి ఆకారమును బట్టి ఎనిమిది విధములుగా చెప్పి, ప్రతిదానికి ఇంటిలోనో వీధిలోనో కనిపించు వస్తువు పేరు పెట్టినాడు. వ్రేళ్ళు, మణికట్టు, మోచేయి, మోకాలు, చీలమండ కోరసంధులు. తలుపు బందు వలె ముడుచుకొని తెరచుకొనునవి. చంకలోను, తుంటిలోను ఉన్నవి ఉలూఖలములు, అనగా రోళ్ళు. మా గురువుగారు ఈ పాఠము చెప్పిననాడు మమ్ములను వంటయింటి వెనుకకు తీసికొనిపోయి, రోటిలో రోకలిని నిలిపి, దానిని నలుదిక్కులకు వాల్చి, త్రిప్పి చూపించినారు. తుంటిని గురించి అంతకు మించిన పాఠము నేను తరువాత ఏ గ్రంథములోను చదువలేదు. భుజపీఠము, పిరుదుల వద్దవి భరిణె వంటి సాముద్గములు. దవడవి కాకిముక్కు వంటి వాయసతుండములు. తలపుర్రెలోను, కటి కపాలములలోను ఉన్నవి తున్నసేవనులు. కుట్టు వేసిన బట్ట అంచుల వలె బిగిసియుండునవి. మెడలోను వెన్నెముకలోను ఉన్నవి ప్రతరములు. నీటిపై తెప్ప వలె ఒకదానిపై ఒకటి కొద్దిగా జారునవి. మిగిలిన మండలము, శంఖావర్తము అను రెండును గొంతు, కన్ను, చెవి మొదలగు చోట్లవి. మన ప్రస్తుత విషయమునకు వాటితో పని లేదు.

నేటి శరీరశాస్త్రము సంధులను నారతో బిగిసినవి, మృదులాస్థితో కూడినవి, ద్రవముతో నిండి స్వేచ్ఛగా కదలునవి అని మూడుగా విభజించి, మూడవ దానిని మరల బందు, గిన్నె, ఇరుసు, జీను మొదలగు ఆకారములను బట్టి విభజించును. త్రోవ ఒక్కటే. ఆకారము తెలిసిన కదలిక తెలియును. కదలిక తెలిసిన ఏ పనికి ఆ కీలు తగునో, ఏ పనికి తగదో తెలియును. మోకాలిని ప్రక్కకు వంచవలెనని ఎవరును ప్రయత్నింపరు. నడుము విషయమున మాత్రము దినమునకు నూరుసార్లు ఆ పనియే చేయుచున్నాము.

వెన్నెముకలో 33 పూసలు ఉన్నవి. మెడలో 7, వీపున 12, నడుమున 5. ఆ క్రింద 5 పూసలు అతుకుకొని ఒక్క త్రికాస్థిగా మారినవి. చివర తోక భాగమున సాధారణముగా 4 చిన్న పూసలు. సుశ్రుతుడు వెన్నులోని ఎముకలను వలయములన్నాడు. నిజముగానే ప్రతి పూసకు వెనుక ఒక కడియము ఉన్నది. ఆ కడియములన్నియు ఒకదాని క్రింద ఒకటి చేరి ఏర్పడిన గొట్టములో వెన్నుపాము దిగును. వెన్నుపాము నడుము మొదటి, రెండవ పూసల దగ్గరనే ముగియును. ఆ క్రింద గుఱ్ఱపుతోక వలె నాడుల కుచ్చు మాత్రమే ఉండును.

పక్కపక్కనున్న రెండు పూసల నడుమ ఉన్నది ఒక్క కీలు కాదు, మూడు. ముందు ఒక మెత్త, వెనుక ఇరుప్రక్కల రెండు చిన్న కీళ్ళు. మూడురాళ్ళ పొయ్యి మీద కుండ నిలిచినట్లు ప్రతి పూసయు క్రింది పూసపై ఈ మూటి మీద నిలుచును. వెనుకనున్న ఆ రెండు చిన్న కీళ్ళను చూచినప్పుడు ప్రతరమన్న పేరు ఎంత చక్కగా కుదిరినదో తెలియును. ముందరి మెత్తను, అనగా నేడు అందరి నోటను వినిపించు డిస్కును, మా గ్రంథములు వేరుగా వర్ణింపలేదు. ఉన్నదని బలవంతముగా శ్లోకములకు అర్థము లాగుట కంటె, లేదని ఒప్పుకొని ఇతరుల వద్ద నేర్చుకొనుటయే మర్యాద. శవమును గడ్డిలో చుట్టి, ప్రవాహములో ఏడు రాత్రులు నాననిచ్చి, మెల్లగా తోమి పొర వెంట పొర కంటితో చూడుమని చెప్పిన ఆచార్యుని శిష్యులము. మేమో, గురుకులములో ఒక్క వెన్నుపూసనైనను చేత పట్టక అధ్యాయమంతయు కంఠస్థము చేసితిమి. నేను మొదటిసారి వెన్నెముకను చూచినది ముప్పది ఏండ్ల వయస్సున, వైద్య కళాశాలలో చదివిన మిత్రుడు చూపగా.

ఈ మెత్తలు 23. తల, మొదటి పూసల నడుమ గాని, మొదటి రెండు పూసల నడుమ గాని ఇవి లేవు. తాటికాయలోని ముంజె వలె లోపల నీరు నిండిన గుజ్జు, చుట్టును పొరలు పొరలుగా బలమైన నార. డిస్కు జారినదని లోకములో అందురు గాని అది బిళ్ళ వలె జారదు. చుట్టునున్న నార చిట్లి లోపలి గుజ్జు వెనుకకు పొడుచుకొని వచ్చును. పెద్దవారిలో ఈ మెత్తలకు రక్తనాళములు దాదాపుగా లేవు. ఒత్తిడి పడినప్పుడు నీరు వెలికి పోవుట, ఒత్తిడి తగ్గినప్పుడు నీటితో పాటు ఆహారము లోనికి పీల్చుకొనుట, ఇదే వాటి జీవనము. పగలంతయు నిలిచి, కూర్చుండి తిరుగుట వలన అవి పలుచబడును. రాత్రి పరుండినప్పుడు మరల ఉబ్బును. అందువలననే మనిషి ఉదయమున సాయంకాలము కంటె సుమారు ఒక సెంటీమీటరు పొడవుగా ఉండును. కొలిచి చూడదలచినవారు గోడకు గీత గీసి చూడవచ్చును.

ఇప్పుడు సోదరీమణులు ఒక్క సంగతి ఆలోచింపవలెను. నిద్ర లేచిన వెంటనే మెత్తలు నీటితో బిగిసి ఉండును. సరిగా ఆ సమయముననే మన ఇండ్లలో కాళ్ళు చాచినట్లే ఉంచి, నడుము దగ్గర రెండుగా మడిచి, వాకిలి చిమ్మి, కల్లాపి చల్లి, ముగ్గు పెట్టుదురు. ధనుర్మాసమున అయితే ఆ ముగ్గు గంటసేపు సాగును. ముగ్గు మానుమని చెప్పు సాహసము నాకు లేదు. మా ఇంటిలోనే నా మాట సాగదు. కాని లేచిన తరువాత అరగంటసేపు ఇటునటు తిరిగి, పాలు కాచుకొని, అటు పిమ్మట వాకిటికి పోవచ్చును. పొడవైన చీపురు వాడవచ్చును. గొంతుక్కూర్చుండియో, చిన్న పీట వేసికొనియో ముగ్గు వేయవచ్చును. వంగక తప్పనప్పుడు మోకాళ్ళను కొద్దిగా సడలించి తుంటి వద్ద వంగవలెను. వంగుటకు భగవంతుడు ఇచ్చిన రోళ్ళు రెండు తుంటిలో ఉన్నవి. వాటిని విడిచి నడుములోని తెప్పలతో ఆ బరువు మోయించుచున్నాము.

వెన్నెముకలో ప్రతి భాగమునకు ఒక స్వధర్మము ఉన్నది. మెడ తిరుగుటకు పుట్టినది. తలను ముందుకు ఊపి ఔననునది మొదటి పూస మీద. ప్రక్కలకు త్రిప్పి కాదనునది మొదటి రెండు పూసల నడుమ. మెడ తిరుగుడులో దాదాపు సగము ఆ ఒక్క చోటనే జరుగును. మనవారు ఔనో కాదో తెలియకుండ భుజముల వైపు తల ఊపుదురే, దానికి మిగిలిన పూసలన్నియు సాయపడవలెను. మెడ పూసల ప్రక్క రంధ్రముల గుండా మెదడుకు రక్తము తీసికొనిపోవు ధమనులు సాగును. క్షవరము పూర్తి అయిన తరువాత తల పట్టుకొని టక్కున విరిపించుకొనుట చాలమంది మగవారికి అలవాటు. ఆ ధమని చిరిగిన పక్షవాతము రావచ్చును. ఆ ముచ్చట మానవలెను. వీపు పూసలు పండ్రెండును ప్రక్కటెముకలతో బంధింపబడి గుండెను, ఊపిరితిత్తులను కాపాడును. అవి కొంత తిరుగును, తక్కువగా వంగును. నడుము పూసలు ఐదును లావైనవి. ముందుకు వెనుకకు బాగుగా వంగును గాని, వాటి వెనుకనున్న చిన్న కీళ్ళు ద్వారబంధము వలె నిలువుగా ఉండుటచే ఒక్కొక్కటి ఒకటి రెండు డిగ్రీలకు మించి తిరుగదు. కనుక వంగుటయు, తిరుగుటయు, బరువెత్తుటయు ఒక్కసారి చేసినవాని నడుము ఎంతకాలము నిలుచును? స్వీడను దేశపు వైద్యుడు ఆల్ఫ్ నాకెంసన్ 1960వ దశకమున మనుష్యుల నడుము మెత్తలలోనికి సూది దించి ఒత్తిడిని కొలిచి చూపినాడు. నిటారుగా నిలిచినప్పటి కంటె ముందుకు వంగినప్పుడు ఆ ఒత్తిడి ఎక్కువ. చేత బరువుండగా వంగినప్పుడు మరింత ఎక్కువ.

మిరపచేలో జరుగునది ఇదే. చెట్టు నడుమెత్తు కూడ ఉండదు. కోత కోయు స్త్రీ ఉదయము నుండి వంగియే ఉండి, పిడికెడు కోసి, నడుము త్రిప్పి సంచిలో వేయును. పత్తి తీయునామె నడుమునకు కట్టిన ఒడి నిండుచున్న కొలది ఆ బరువు ముందుకు లాగును. మందు కొట్టువాడు పదునారు లీటర్ల డబ్బాను వీపున కట్టుకొని సాళ్ళ వెంట తిరుగును. గుంటూరు మిర్చి యార్డులో నలుబది కిలోలకు పైబడిన టిక్కీలను మోయు హమాలీలను చూడుడు. వారిలో అనుభవజ్ఞుడు టిక్కీని నేలనుండి ఒంటరిగా లేపడు. ఇద్దరు ఎత్తి వీపున పెట్టగా, తుంటి వద్ద వంగి, బరువును ఒంటికి ఆనించుకొని, నడుము త్రిప్పక పాదములతో తిరిగి నడచును. శాస్త్రము చదువకనే అతనికి కీలు తెలిసినది. మన మధ్యతరగతి గృహస్థుడు నిండు గ్యాసు బండను, అనగా సుమారు ముప్పది కిలోలను, దూరముగా నిలిచి, వంగి, ప్రక్కకు త్రిప్పి లేపి, ఆ సాయంకాలము మా వసారాకు వచ్చును.

నొప్పి పిరుదునుండి తొడ వెనుకగా పిక్కకు, పాదమునకు దిగిన యెడల దానిని గృధ్రసి అందుము. ఆ వ్యాధి కాలును పైకెత్తనీయదని సుశ్రుతుడు లక్షణము చెప్పినాడు. నేటి వైద్యులు రోగిని వెల్లకిల పరుండబెట్టి మోకాలు వంచక కాలు ఎత్తి చూచి, లాసేగ్ అను ఫ్రెంచి వైద్యుని పేరుతో చెప్పు పరీక్ష ఇదే. గృధ్రసిలో ఎక్కువ భాగము కొన్ని వారములలో శస్త్రచికిత్స లేకయే తగ్గును; ఈ మాట నేను ధైర్యముగా చెప్పగలను. కాని మూత్రము బిగిసినను, తెలియక పోయినను, పీఠము మీద ఆను భాగమంతయు తిమ్మిరెక్కి స్పర్శ తెలియకున్నను, పాదము పైకి లేవక ఈడ్చుకొని నడచినను, అది ఆ గుఱ్ఱపుతోక నాడులు నలుగుచున్న గుర్తు. అప్పుడు నా వంటివాని అరుగు ఎక్కరాదు. ఆ దినముననే, రాత్రియైనను, శస్త్రవైద్యుడున్న పెద్ద ఆసుపత్రికి పోవలెను. జ్వరముతో కూడిన వెన్నునొప్పి, కారణము లేక బరువు తగ్గుచు రాత్రివేళ నిద్ర పట్టనీయని నొప్పి, పడిన పిమ్మట వృద్ధులకు వచ్చిన నొప్పి కూడ నూనెకు లొంగునవి కావు. నలుబది ఏండ్ల లోపు యువకునికి తెల్లవారుజామున వెన్ను బిగిసి, తిరిగిన కొలది సడలుచున్నచో, అది వెన్నుపూసలను క్రమముగా అతికించివేయు వేరొక వ్యాధి కావచ్చును. ఎంత త్వరగా గుర్తించిన అంత మేలు.

అతుకుకొనుట అన్న మాట వచ్చినది గనుక నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను.

నేను వైద్యము ఆరంభించిన తొలి సంవత్సరములలో పొదిలి వైపు పల్లె నుండి ఒక రైతు వచ్చెడివాడు. ఏబది దాటలేదు. వెనుకనుండి పిలిచిన మెడ త్రిప్పలేక ఒడలంతయు త్రిప్పి చూచెడివాడు. నేలమీద పడిన కండువా తీసికొనుటకు ప్రక్కనున్న స్తంభము పట్టుకొని మోకాళ్ళమీద దిగెడివాడు. వాతము మజ్జాస్థిగతమైనదని నిర్ణయించితిని. మహానారాయణ తైలము, యోగరాజ గుగ్గులు, కషాయములు, స్వేదములు. ఒక సంవత్సరమునకు పైగా. అతడు రెండు గేదెలలో ఒకదానిని అమ్మి నా మందులకు పెట్టినట్లు పిమ్మట తెలిసినది. ఒకనాడు అతని భార్య అన్నది: "అయ్యా, మా ఊళ్ళో ఈ ఈడుకొచ్చిన మగాళ్ళంతా ఇట్లాగే కొయ్యబారి పోతారండీ. ఎడ్లు కూడా అంతే, నాలుగేళ్ళు దున్నితే కాళ్ళు పట్టేస్తాయి." ఆ మాట విని తల ఊపి, మరొక తైలము వ్రాసి ఇచ్చితిని. చివరకు నా మిత్రుడే ఎక్స్‌రే తీయించి దీపమునకు ఎదురుగా పట్టి చూపినాడు. పూసలు సున్నపురాయి వలె తెల్లగా దట్టముగా ఉన్నవి. వాటిని కలుపు స్నాయువులు ఎముకగా మారినవి. తెప్పలన్నియు కలిసి ఒక్క దూలమైనవి. నేను వాతమన్నది వాతము కాదు, వారి బావి నీటిలోని ఫ్లోరైడు.

ఇది క్రొత్త సంగతి కాదు. మన దేశమున ఈ వ్యాధిని మొదట గుర్తించి 1937లో షార్ట్ అను వైద్యుడు, ఆయన సహచరులు ప్రకటించినది నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెలను గురించియే. దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములు అప్పుడు ఆ జిల్లాలోనివి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో చేరినవి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం పంతులుగారి పేరు పెట్టినారు. అంతకు ముందే, 1930వ దశకము తొలినాళ్ళలో, రైతులు తమ ఎడ్లు నడువలేక పోవుటను గమనించినారని చెప్పుదురు. ఆ రైతు భార్య నాకు చెప్పినది అదే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఫ్లోరైడు పీడిత ప్రాంతములలో పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి ఒకదానికొకటి ఒరసుకొనుటను గురించి 1973లో వ్రాసినారు. ఇంత జరిగినను గ్రంథము చేత పట్టిన నాకు అది తెలియకుండెను.

నన్ను ఎక్కువగా బాధించునది మరొకటి. ఈ తప్పు చేయకుండుటకు కావలసిన సూత్రము నేను కంఠస్థము చేసిన గ్రంథములోనే ఉన్నది. చరకుడు విమానస్థానమున జనపదోద్ధ్వంసమును గురించి ఒక అధ్యాయము చెప్పినాడు. వేరు వేరు ప్రకృతులు, ఆహారములు, వయస్సులు గల మనుష్యులకందరికి ఒకే వ్యాధి ఏల వచ్చునని ప్రశ్న వేసి, అందరికి సమానమైన వాయువు, జలము, దేశము, కాలము చెడుట వలన అని సమాధానమిచ్చినాడు. ఊరిలోని మగవారికందరికి, ఎడ్లకు కూడ ఒకే బిగువు వచ్చినదని విన్న వైద్యుడు నాడి విడిచి చెంబులోని నీరు చూడవలసి ఉండెను.

ఫ్లోరైడు ఎముకలో చేరి దానిని దట్టము చేయును గాని బలము చేకూర్చదు. స్నాయువులు ఎముకకు అంటుకొను చోట్ల సున్నము పేరుకొనును. వెన్నెముక కీళ్ళు ముందుగా బిగియును. కొందరిలో వెన్నుపాము గొట్టము ఇరుకై కాళ్ళు చచ్చుబడును. అట్లు అతికిన కీలును మరల విడదీయు తైలము గాని, భస్మము గాని, మాత్ర గాని లేదు. ఉన్నదని ప్రకటించువారిని నమ్మవద్దు. మరింత చెడకుండ ఆపు ఉపాయము మంచినీరు ఒక్కటే. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు ఒక మిల్లీగ్రామునకు మించరాదని, వేరు నీరు లేని చోట గరిష్ఠముగా ఒకటిన్నర వరకు అనుమతింపవచ్చునని మన దేశ ప్రమాణము. దీనికి రంగు లేదు, వాసన లేదు, నాలుకకు తెలియదు. కాచిన పోదు, నీరు ఆవిరియై మిగిలిన దానిలో ఇంకను చిక్కబడును. పలుచని బట్టలో వడగట్టినను, చిల్లగింజ అరగదీసినను పోవునని అనుకొనరాదు. అది బురదకు పనికివచ్చు ఉపాయము. పటిక, సున్నము ఉపయోగించు నల్గొండ పద్ధతి కలదు, ఆర్.ఓ. యంత్రములు తొలగించును. కాని ఇప్పుడు ప్రతి ఊరిలోను చూచు వింత ఒకటి ఉన్నది. త్రాగుటకు టిన్ను నీరు కొని, అన్నము, పప్పు, కాఫీలకు బోరు నీరు వాడుచున్నారు. అన్నము పీల్చుకొనిన నీరు కడుపులోనికి పోదా? రెండు టిన్నుల ఖర్చునకు వెనుకాడి, పిల్లల ఎముకలతో ఆ తీరువ చెల్లించుట నాకు సమ్మతము కాదు. వాననీరు పట్టి నిలుపుకొను వీలున్న ఇంటివారు మొదటి వానను వదిలి, పిమ్మటి దానిని వంటకు వాడుకొనవచ్చును.

ఆహారమున పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి తగినంత ఉండవలెను. సున్నము తక్కువైన దేహమును ఫ్లోరైడు ఎక్కువగా పీడించును. చింతపండు తిన్నచో ఫ్లోరైడు మూత్రము ద్వారా కొంత ఎక్కువగా పోవునని జాతీయ పోషకాహార సంస్థవారు పిల్లలలో పరిశీలించి చూపినారు. మన చారు, పులుసు విడువ పనిలేదన్నమాట. తేయాకులో సహజముగానే ఫ్లోరైడు ఉన్నది గనుక ఆ ప్రాంతముల వారు దినమునకు ఐదారు టీలు త్రాగుట మంచిది కాదు.

ఇంటిలోనే చూచుకొను పరీక్షలు మూడు కలవు. మోకాళ్ళు వంచక నేలమీది నాణెమును తీయగలరా? గడ్డమును రొమ్మునకు ఆనించగలరా? రెండు చేతులను తల వెనుకకు చేర్చగలరా? ఏబది లోపువారు ఇవి చేయలేకపోయిన యెడల ఫ్లోరైడే అని నిర్ణయింపరాదు గాని నీటిని, ఎముకలను పరీక్షింపవలసిన సమయము వచ్చినదని తెలిసికొనవచ్చును.

ఇంత చెప్పిన తరువాత తైలమునకు చోటే లేదా అని అడుగవచ్చును. ఉన్నది. పని వలన కండరములు బిగిసి వచ్చిన నడుమునొప్పికి గోరువెచ్చని నువ్వులనూనె నేటికిని నా మొదటి మందు. బోర్ల పరుండబెట్టి, వెన్నుగాడికి ఇరుప్రక్కలనున్న కండరముల మీద అరచేతితో మెల్లగా పదునైదు నిముషములు రాచి, ఎముక మీద ఒత్తక, త్రొక్కింపక, పిమ్మట వావిలాకు వేసి కాచిన నీటిలో ముంచి పిండిన బట్టతో కాపవలెను. మధుమేహమున స్పర్శ తగ్గినవారికి వేడిని ఇతరులు చూచి వేయవలెను. ఇరుసునకు కందెన పెట్టిన చక్రము సుఖముగా తిరిగినట్లు శ్లేష్మముతో కూడిన సంధులు సుఖముగా తిరుగునని సుశ్రుతుడు చెప్పినాడు. ఆ కందెన కీలు తనలో తానే ఊరించుకొనునది. పైన పూసిన నూనె చర్మము దాటి తిన్నగా అచ్చటికి దిగునని చెప్పి సీసాలు అమ్ముట సత్యము కాదు. వేడి, స్పర్శ, సడలిన కండరము ఇచ్చు సుఖమే మనకు దక్కునది. అది తక్కువ లాభము కాదు. రెండు మూడు దినములకు మించి మంచమున పరుండరాదు, నెమ్మదిగా నడుచుచుండవలెను. కదలికయే మెత్తలకు అన్నము. వ్రేళ్ళ కీళ్ళు వాచి, ఉదయము గంటకు పైగా బిగిసియుండి, ఆకలి లేక ఒడలు బరువుగా ఉన్నచో అది ఆమవాతము. అందు తైలము పనికిరాదని, వేయించిన ఇసుక మూటతో పొడికాపు పెట్టుమని మా గ్రంథములే చెప్పుచున్నవి. ఆ రోగి కీళ్ళు వంకరలు పోకముందే ఆధునిక వైద్యునికి కూడ చూపవలెను.

ఇప్పుడు నేను పడమటి ప్రాంతముల నుండి వచ్చిన వారి నాడి పట్టుటకు ముందు, ఏ నీరు త్రాగుదురు, ఏ నీటితో వండుదురు అని రెండు ప్రశ్నలు వేయుదును. బోరు నీటిని ఒక ప్లాస్టిక్ సీసాలో పట్టి తెమ్మందును. గ్రామీణ నీటి సరఫరా శాఖవారి ప్రయోగశాలలు పరీక్షించును. క్రిందటి వారము కనిగిరి వైపు నుండి ఒక ఉపాధ్యాయురాలు, నలుబది రెండేండ్లది, మెడ తిరుగుట లేదని వచ్చినది. త్రాగునది టిన్ను నీరే అని గట్టిగా చెప్పినది. వంట సంగతి అడుగగా కొంతసేపు మాటలాడలేదు. మరునాడు సీసా తెచ్చి ఇచ్చినది. సగము పరీక్షకు పంపితిమి. మిగిలిన సగము నా బల్లమీద, ఆమె తెచ్చుకొనిన నూనె సీసా ప్రక్కన ఉన్నది. ఫలితము ఇంకను రాలేదు.